ఎవరి బొమ్మ వాళ్లది

‘రాగిముసుగు’ ఏడో భాగం విడుదలైన రోజు, మొదటాట వదిలాక కాకినాడలో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. నాకు అక్కడే భయం వేసి ఉండాల్సింది. వేయలేదు. పైగా హమ్మయ్య, ఈసారి గొడవల్లేవు అనుకుంటూ ఇంటికొచ్చాను. అంత తెలివైనవాణ్ని నేను.

ముందు ఈ రాగిముసుగు సంగతి చెప్పాలి. సినిమాలు చూడనివాళ్లు కూడా ఉంటారు కదా, పాపం. మొదటి భాగం వచ్చేటప్పటికి నేను ఇంటర్ తప్పి, మా నాన్న పడవ ఇంజన్ల సామాన్ల కొట్లో కూర్చునేవాణ్ని. దీపస్తంభం కాపరి కొడుకు సింహాద్రి, పాత ఓడ బాయిలర్‌కున్న రాగిరేకు ఊడదీసి ముసుగు చేయించుకుని, రేవులో దొంగసరుకు దించే రౌడీలను చితక్కొడతాడు. అంతే కథ. కానీ ఆ రేవు అచ్చం మా రేవే. ఆ చేపల బుట్టలు, ఆ తాళ్లు, మోకాలి దాకా ఆ బురద, అన్నీ మావే. రెండో భాగం చివర్లో సింహాద్రి చెల్లెలు తులసి సముద్రంలో మునిగిపోతుంది. నాలుగో భాగానికి హీరో ముసలివాడయ్యాడని ముసుగులోకి వేరే నటుణ్ని తెచ్చారు. ఐదులో ఆ ముసుగు రాగిది కాదు, ఏదో గ్రహం నుంచి ఊడిపడ్డ యంత్రం అన్నారు. ఆరులో సింహాద్రి నక్షత్రాల మధ్యకు వెళ్లిపోయి, నాకు ఊరంటూ లేదన్నాడు. ఊరు లేకపోవడమేమిటి? మరి మేమందరం ఎవరం?

మేము బొమ్మ చూసేది కోరంగి టాకీస్‌లో. అక్కడ ఆట వదిలాక ఎవరూ తిన్నగా ఇంటికి పోరు. సైకిల్ స్టాండు రేకుల కింద చేరి పంచాయితీ పెడతారు. సింహాద్రి రేవు వదలకూడదనే ‘పాత రేవు’ వాళ్లు ఒక పక్క, కథ ఎక్కడికైనా పోనివ్వండనే ‘కొత్త దారి’ వాళ్లు ఒక పక్క. పాపారావు టీ కొట్టు ఆ పంచాయితీ మీదే బతికేది. మధ్యలో తీర్పరిగా అభిమాన సంఘం అధ్యక్షుడు కన్నబ్బాయి నిలబడేవాడు. పేరుకే తీర్పరి, అందరికన్నా పెద్దగా అరిచేది వాడే. నాకు చిన్నప్పటి స్నేహితుడు. వాడూ పాత రేవు మనిషే కానీ, నన్ను తిట్టే అవకాశం వస్తే ఆ పూటకు కొత్త దారిలోకి దూకేసేవాడు.

వకుళను నేను మొదటిసారి చూసింది ఆ రేకుల కిందే. రెండో భాగం మొదటి రోజు. తులసిని చంపినందుకు మేమంతా దర్శకుణ్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే, ఒకమ్మాయి స్టాండు గట్టెక్కి నిలబడింది.

“తులసి చచ్చిపోకపోతే సింహాద్రి ముసుగు తీసి ఏడ్చే రోజే రాదు. అది కూడా తెలీకుండా బొమ్మ చూశారా మీరంతా?”

“మీకు అన్నదమ్ములు లేరనుకుంటానండీ,” అన్నాను నేను.

“ఇద్దరున్నారు. నీకే బుర్ర లేదు.”

రెండో ఆట వదిలేదాకా కొట్లాడుకున్నాం. కన్నబ్బాయి మధ్యలో మాకు మూడుసార్లు టీలు తెప్పించి, చివరికి “ఒరే నూకరాజూ, ఈవిణ్ని పెళ్లన్నా చేసుకో, ఓడిపోయానన్నా ఒప్పుకో” అన్నాడు. మొదటిదే సులువనిపించింది.

పెళ్లయ్యాక కూడా విడుదల రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. బొమ్మ చూసి, పంచాయితీ ముగించి, హోటల్లో పెసరట్టు తింటూ మిగతా తగాదా పూర్తి చేసేవాళ్లం. మిగతా రోజుల్లో “ఏవండీ, మీరు” అనే మనిషి, బొమ్మ దగ్గరకొచ్చేసరికి “నువ్వు” అయిపోయేది. బయటివాళ్లు విని బిత్తరపోయేవారు. నాకు మాత్రం ఆ ‘నువ్వు’ వినడానికే సినిమాలు చూడాలనిపించేది. మాకు పిల్లలు కలగలేదు. ఆ బాధ ఇద్దరికీ ఉండేది, ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం కాదు. తులసి గురించి మాట్లాడుకునేవాళ్లం.

వకుళ విశాఖలో చదివింది. కన్ను చూసినదానికి గుండె ఎలా స్పందిస్తుందన్నది ఆమె పరిశోధన. ఆరో భాగం గొడవ జరగకపోతే ఆ చదువు ఏ కళ్లాసుపత్రికో పనికొచ్చి ఉండేది.

ఆ భాగం విడుదలయ్యాక కథ రాసినాయన జనంతో మాట్లాడతానని మా హాలుకొచ్చాడు. సన్నగా, చేతిలో గొడుగుతో, బడిపంతులులా ఉన్నాడు. సైకిల్ స్టాండు దగ్గర “మా రేవు మాక్కావాలి” అని అరుపులు మొదలయ్యాయి. ఎక్కణ్నుంచో సోడా సీసా వచ్చి గట్టుకు తగిలి పగిలింది. గాజుముక్క ఆయన కంట్లో గుచ్చుకుంది. ఎవరు విసిరారో ఎవరికీ తెలియదన్నారు. వకుళ చీరకొంగు చింపి ఆయన కంటికి అదిమిపెట్టింది. ఆ నెత్తురులో కూర్చుని ఆయన ఒక్కటే మాట అడిగాడు.

“ఏం రాస్తే మీరంతా ఊరుకుంటారో ఒక్కరైనా చెప్పండమ్మా.”

ఆ కన్ను పోయింది. ఆ ప్రశ్న వకుళను పట్టుకుంది. “అందరికీ నచ్చే కథ ఉండదండీ,” అంది ఒకరోజు అన్నం కలుపుతూ. “ఎవరికి నచ్చింది వాళ్లకే చూపిస్తే?” ఆ మాట చిత్రం తీసే కంపెనీవాళ్ల చెవిన పడింది. ఉప్పాడ రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఆమెకొక ప్రయోగశాల కట్టించారు.

ఆ యంత్రాన్ని మొదట పరీక్షించింది నామీదే. కోరంగి టాకీస్ నుంచి చిరిగిన రెక్సిన్ కుర్చీ ఒకటి ఊడబెరికి తెచ్చి గది మధ్యలో వేశారు. మామూలు కుర్చీలో కూర్చుంటే నేను సరిగ్గా తిట్టనని వకుళ అభిప్రాయం. మణికట్టుకు పట్టీ కట్టి, కళ్లజోడు పెట్టింది. చేతిపట్టు కింద చిన్న మైకు బిగించింది.

“ఈ మైకెందుకు?”

“మీరు తెరతో మాట్లాడతారుగా. అదీ వినాలి. రెండో భాగం చివర పెడుతున్నా. మామూలుగానే చూడండి.”

“మామూలుగా అంటే తిడుతూనా?”

“ఆఁ, తిడుతూనే.”

దీపస్తంభం కింద బండల మీద తులసి కాలు జారింది. సింహాద్రి చెయ్యి అందుకోబోయింది. ఆ చెయ్యి అందదని నాకు తెలుసు, ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. అయినా పిడికిళ్లు బిగుసుకున్నాయి, “పట్టుకోరా, పట్టుకో” అని అరిచాను. అప్పుడు పక్కనున్న పడవలోంచి ఎవరో తాడు విసిరారు. తులసి తాడు పట్టుకుంది. అదే నటి, అదే తడిసిన జడ, అదే సాయంత్రపు వెలుతురు. అతుకు ఎక్కడా కనిపించలేదు. సింహాద్రి చెల్లెల్ని బండ మీదికి లాగి, చెంప మీద ఒక్కటిచ్చి, దగ్గరకు తీసుకున్నాడు. నేను కుర్చీలోంచి లేచిపోయాను. నాకు ఏడుపొచ్చింది, అందులో దాచడానికేమీ లేదు.

తర్వాత వకుళ కూర్చుంది. నాకు పట్టీ కట్టినట్టే తనూ కట్టుకుని, అదే ముక్క చూసి, కళ్లు తుడుచుకుంటూ లేచింది.

“ఆ తాడు చూశావా!” అన్నాను.

“ఏ తాడు?”

ఆమె బొమ్మలో తులసి మునిగిపోయింది, ఎప్పటికన్నా అందంగా. ఇద్దరం మొహమొహాలు చూసుకుని నవ్వేశాం. గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

యంత్రానికి మనుషుల ఇష్టాయిష్టాలు నేర్పడానికి వకుళ సైకిల్ స్టాండు రేకులకు మైకులు వేలాడదీసింది. పాత భాగాలు మళ్లీ ఆడించి, చూసినవాళ్లకు పట్టీలు కట్టి పంచాయితీ పెట్టమంది. ఈల వేస్తే సంతోషం. తిడితే బాధ. గుండె దడదడలాడుతూ గొంతు చించుకుంటే మహా బాధ. ఆ బాధ పుట్టించేదాన్ని బొమ్మలోంచి తీసెయ్యాలి. అలా నేర్పింది.

“చూశారా, కన్నబ్బాయిగారి గుండె ఎలా కొట్టుకుంటోందో? ఏళ్ల తరబడి మనవాళ్లు ఇంత బాధపడుతున్నారండీ,” అంది గీతలు చూపిస్తూ.

నేను తలూపాను. ఆ తిట్ల మధ్యే మాకు పెళ్లి కుదిరిందన్న సంగతి ఆమెకూ గుర్తు రాలేదు, నాకూ గుర్తు రాలేదు. తిట్టుకుంటున్నవాళ్లు బాధపడుతున్నారని చదువుకున్నవాళ్లెవరైనా అనుకుంటారు. మా రేకుల కింద పుట్టి పెరిగినవాళ్లం, మేమూ అలాగే అనుకున్నాం.

కంపెనీ దానికి ‘ఇచ్ఛాదర్శిని’ అని పేరు పెట్టింది. మా ఊళ్లో నోరు తిరక్క, ‘ఎవరి బొమ్మ వాళ్లది’ అన్నారు.

ఏడో భాగానికి హాల్లో ప్రతి కుర్చీకీ పట్టీ, మైకు, బొమ్మ కనబడే కళ్లజోడు బిగించారు. విడుదల రోజు కోరంగి టాకీస్ నిండిపోయింది. హీరో తెర మీద కనబడగానే కాగితాలు చింపి ఎగరేయడం మా హాలు అలవాటు. ఎప్పుడూ ఒక్కసారిగా ఎగిరేవి, కాసేపు తెర కూడా కనిపించేది కాదు. ఆ రోజు మూలనెవరో గుప్పెడు ఎగరేశారు. కాసేపటికి బాల్కనీలో ఇంకెవరో ఎగరేశారు. నా సింహాద్రి పడవ దిగి రేవులోకొచ్చినప్పుడు నేను ఎగరేశాను. నా కాగితాలు నా ఒళ్లోనే పడ్డాయి. ఈలలు కూడా ఒక్కొక్కటిగా వినిపించాయి. బొమ్మలో పడి అదేమీ పట్టించుకోలేదు. అంత బాగుంది. సింహాద్రి ఊరికొచ్చేశాడు. తులసికి పెళ్లయి ఇద్దరు పిల్లలు. ముసుగు మళ్లీ రాగిది.

ఆట వదిలాక అందరం అలవాటుగా రేకుల కింద చేరాం. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

“ఒరే నూకరాజూ, ఆ ఓడ కాలిపోయే సీను!” అన్నాడు కన్నబ్బాయి.

“నాకు ఓడ కాలలేదురా.”

“కాలలేదా? మరి నీకేమైంది?”

“తులసి పిల్లలకు అన్నప్రాశన.”

“అబ్బో. బాగుందా?”

“బాగుంది. నీది?”

“నాదీ బాగుంది.”

నవ్వుకుంటూ కాసేపు నిలబడ్డాం. పాపారావు టీ మరిగించి చూస్తున్నాడు, ఎవరూ అడగలేదు. కన్నబ్బాయి ఏదో అనబోయి, “సరే మరి, పొద్దుపోయింది” అన్నాడు. అది పగటి ఆట. ఎండ ఇంకా రేకుల మీద మండుతోంది.

ఆ రోజు హోటల్లో పెసరట్టు ముందు పెట్టుకుని, నేను మొదలుపెట్టాను.

“ఏదేమైనా సింహాద్రిని ఊరికి తేవడమే న్యాయం.”

“నా బొమ్మలో రాలేదండీ. నక్షత్రాల్లోనే ఉండిపోయాడు.”

“అది తప్పు కదా.”

“మీకు తప్పు. నాకు అలాగే బాగుంది. మీకెలా కావాలో మీకు అలా వచ్చింది కదా, ఇంకేం?” అని వకుళ చట్నీ నా పళ్లెంలో వేసింది. మీరు అంది. విడుదల రోజు ఆమె నన్ను మీరు అనడం అదే మొదటిసారి. తిన్నంతసేపూ ఎండల గురించి మాట్లాడుకున్నాం.

తర్వాతి సంగతి మీరు ఊహించుకోవచ్చు. కంపెనీ పాత భాగాలన్నిటినీ కూడా ఈ యంత్రంలోకి ఎక్కించి, మామూలు ప్రతులను వెనక్కి తీసేసుకుంది. వాటిని అడిగే దిక్కే లేదు. ఎవరి బొమ్మ వాళ్లకు ప్రతి ఆటకూ కొత్తగా వచ్చేది. రచయితలతో పని తీరిపోయింది. కన్ను పోయినాయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఆయన్ను తిట్టేవాళ్లు కూడా లేకుండా పోయారు. అభిమాన సంఘం బోర్డు సైకిల్ స్టాండు మీదే తుప్పు పట్టింది. పాపారావు కొట్టు మూసి, కూతురు దగ్గరికి తునికి పోయాడు. అలవాటైన మనుషులు బజార్లో ఎదురైతే “ఏంటి సంగతులు?” “ఏమున్నాయి, అంతా బానే ఉంది” అని తప్పుకునేవాళ్లు. అందరికీ అంతా బాగుంది.

నా ఇల్లు కూడా బాగుంది. అంత బాగుండే ఇల్లు నాకొద్దు. వకుళ వండేది, నేను తినేవాణ్ని, ఆమె పరిశోధన కాగితాలు చూసుకునేది, నేను కొట్టుకు పోయేవాణ్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

“యంత్రం లేని అసలు బొమ్మ ఉంటుందిగా. ఏడో భాగం అసలుది. అది ఇద్దరం కలిసి చూద్దాం.”

ఆమె చేతిలో కాగితం కింద పెట్టింది. “అసలు బొమ్మంటూ లేదండీ,” అంది. “ఏడో భాగాన్ని ఎవరూ తీయలేదు. చూసేవాడు కూర్చుంటేనే అది పుడుతుంది. లేచిపోతే ఇంకేమీ ఉండదు.”

అయితే పాతదైనా వెతుకుతానని కోరంగి టాకీస్ పైగదికి వెళ్లాను. ప్రొజెక్టర్ ఎప్పుడో తీసేశారు. మూల ఒక రేకు డబ్బా మీద ‘రాగిముసుగు 2, చివరి రీలు’ అని కన్నబ్బాయి రాత కనబడింది. వాడు ఎవరినో బతిమాలి దాచినట్టున్నాడు. ఇంటికి మోసుకొచ్చి, వకుళ ఎదురుగా మూత తీశాను. గుప్పున వెనిగర్ వాసన కొట్టింది. ఫిల్ము కరిగి, అతుక్కుపోయి, బెల్లం అచ్చులా ముద్దయిపోయింది.

“తులసి మునిగిపోయినప్పుడు ఏ రంగు లంగా వేసుకుందండీ?” అంది వకుళ ఆ ముద్దను చూస్తూ.

“పచ్చది. కాదు, నీలం.” ఎన్ని రకాలుగా చూశానో, మొదటిది ఏదో చెప్పలేకపోయాను. “నీకు?”

“నాకూ తెలియడం లేదు. మనిద్దరం చూసిన బొమ్మ ఒక్కటైనా మిగిలిందంటారా?”

ఇద్దరం ఆ డబ్బా ముందు కూర్చుండిపోయాం. అప్పుడైనా పోట్లాడుకోవాల్సింది. నువ్వే ఈ యంత్రం తెచ్చావని నేను ఒక్క మాట అని ఉంటే, ఆమె నాలుగు మాటలు అని ఉండేది. అనలేదు. ఎదురుచెప్పడం అలవాటు తప్పిపోయింది.

కన్నబ్బాయి మాత్రం హాలు వదలడం లేదని విన్నాను. వాడికి ఫ్లెక్సీలు అచ్చువేసే కొట్టు ఉండేది. దాన్ని భార్య వీరలక్ష్మికి వదిలేసి, ప్రతి ఆటకూ వెళ్తున్నాడు. ఒకసారి గేటు దగ్గర పట్టుకున్నాను.

“ఏరా, ఏం చూస్తున్నావు రోజూ? ఆ ఓడేనా?”

“ఓడ ఎప్పుడో పోయిందిరా. ఇప్పుడు చాలా బాగుంటోంది.”

“ఏముంటుంది?”

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. ఏదో చెప్పాలని ఉంది వాడికి. “చెబితే బాగోదురా,” అని లోపలికి పోయాడు. వాడి నడకలో పెళ్లికి పోయేవాడి హడావుడి ఉంది.

ఆ వారంలోనే వాడు పగటి ఆటలో, కుర్చీలోనే పోయాడు. పక్కవాళ్లకు తెలియలేదు. ఎవరి బొమ్మలో వాళ్లున్నారు. ఊడ్చేవాళ్లు వచ్చి లేపితే లేవలేదట. కళ్లజోడు తీస్తే మొహం నవ్వుతూ ఉందట.

దినాలయ్యాక వీరలక్ష్మి ప్రయోగశాలకొచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

“వదినగారూ, ఆయన ఆఖర్న ఏం చూశారో అది నాకు సూపిత్తారా? ఇంట్లో నన్ను పట్టుమని పది నిమిషాలు సూళ్లేదండి ఆ మనిషి. అక్కడేం సూసి నవ్వారో తెలిత్తే నా మనసు కుదుటపడద్ది.”

చూసినవాళ్ల బొమ్మలన్నీ యంత్రం దాచి ఉంచుతుంది. ఇలా ఇంకొకరికి చూపించకూడదని కంపెనీ నిబంధన. వకుళ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దాన్ని గోడ మీద మామూలు తెరకు ఎక్కించి, దీపాలార్పింది.

సింహాద్రి లేడు. రేవు లేదు, నక్షత్రాలు లేవు. తెర మీద కోరంగి టాకీస్ సైకిల్ స్టాండు కనబడింది. కొత్త రేకులు, పాపారావు కొట్టులో పొగలు, నిండా జనం. మధ్యలో నేను. జుట్టు నల్లగా, చొక్కా చేతులు మడిచి, “నీ మొహంరా నీ మొహం, అది తీర్పా?” అని అరుస్తున్నాను. గట్టు మీద వకుళ నిలబడి, అప్పటి గొంతుతో నా మాట కొట్టిపారేస్తోంది. కన్నబ్బాయి తెర మీద కనబడలేదు, కెమెరా ఉండాల్సిన చోట ఉండి మమ్మల్ని చూస్తున్నది వాడే. వాడి గొంతు మాత్రం నిజమైనది, కుర్చీ మైకు పట్టుకున్నది. ఖాళీ గాలితో “ఒరే నూకరాజూ, నీకు బొమ్మ చూడ్డం ఈ జన్మకి రాదురా” అంటున్నాడు. తెర మీది నేను సరైన జవాబు ఇచ్చాను. నిజంగా నేనైతే అంత బాగా ఇచ్చేవాణ్ని కాదు. వాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఊపిరి ఆగిన చప్పుడు వినబడింది. వాడు ఆగిపోయినా తెర మీది మేము వాడి జవాబు కోసం చూస్తూ నిలబడే ఉన్నాం.

వీరలక్ష్మి తెర వదిలి నావైపు తిరిగింది. “మీరు పక్క వీధిలోనే ఉన్నారు కదా అన్నయ్యగారూ. ఓ కేకేత్తే వచ్చేవోరు కదా.”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆమె వెళ్లాక వకుళ గోడకు జేరగిలబడి కూర్చుంది. “నేను దానికి తప్పు నేర్పానండీ. తిడితే బాధని చెప్పాను. అది మన గుండెలు వింటూ వింటూ, కాదని తనంతట తానే తెలుసుకుంది. ఏం పోగొట్టామో కనిపెట్టి, దాన్నే మళ్లీ తయారుచేసి పెడుతోంది.”

మర్నాడు కంపెనీకి వెళ్లి, యంత్రం ఆపమని అడిగింది. వాళ్లు మర్యాదగానే విన్నారట. ఒక్క ఫిర్యాదైనా ఉంటే చూపించమన్నారట. ఎక్కణ్నుంచి తెస్తుంది? మీరు వద్దంటే వేరేవాళ్లు చూసుకుంటారని కూడా చెప్పారట. ఆ సాయంత్రం నన్ను తీసుకుని ఆమె సైకిల్ స్టాండుకొచ్చింది. రేకుల కింద ఎవరూ లేరు. పాత గట్టు ఎక్కబోయి, మోకాళ్లు సహకరించక, కిందే నిలబడింది.

“అడగండి,” అంది.

“తులసి చావాలా, వద్దా?” అన్నాను. నా గొంతు నాకే ఎరువు తెచ్చుకున్నట్టు ఉంది.

ఆమె నోరు తెరిచింది. పాత మాటలు వెతుక్కుంటోందని తెలుస్తోంది. నేను లోపల దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. తిట్టవే తల్లీ, ఒక్కసారి తిట్టు.

“మీకు బతికితేనే కదా ఇష్టం,” అంది ఆఖరికి. “బతకనివ్వండి, పోనీ.”

ఇద్దరం నడుచుకుంటూ ఇంటికొచ్చాం. దారిలో ఆమె నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుంటే మాత్రం ఏం లాభం?

కొన్నాళ్లకు వకుళ ఉద్యోగం మానేసింది. అయినా సాయంత్రాలు ఇంట్లో ఉండడం లేదు. మొదట గుడికి అంది, తర్వాత ఏమీ చెప్పడం మానేసింది. వచ్చాక మొహం తేటగా ఉండేది, కొంచెం గొంతు బొంగురుపోయి ఉండేది. నేను అడగలేదు. ఎక్కడికెళ్తోందో ఆ గొంతే చెప్పింది.

ఒకరోజు వెనకాలే వెళ్లాను. హాల్లో చీకటికి కళ్లు అలవాటయ్యాక, మేమెప్పుడూ కూర్చునే వరసలో ఆమె కనబడింది. కళ్లజోడు పెట్టుకుని ఉంది. పక్క కుర్చీ ఖాళీ. వెళ్లి కూర్చున్నాను. తల తిప్పలేదు.

నేనూ పట్టీ కట్టుకుని, జోడు పెట్టుకున్నాను. ఏదో పెద్ద కథ వస్తుందనుకున్నాను. రాలేదు. ఎండలో సైకిల్ స్టాండు రేకులు వచ్చాయి. గట్టు మీద పచ్చ ఓణీలో వకుళ. చెయ్యి నడుం మీద వేసి, నావైపే చూస్తోంది.

“తులసి చావకపోతే నీకు బాగుంటుందేమో, కథకు బాగోదు,” అంది. “నీ కోసం తీస్తారా బొమ్మలు?”

నా గొంతులోకి ఎక్కణ్నుంచో ప్రాణం వచ్చింది. “మరి నీ కోసం తీస్తారా?” అన్నాను. ఆమె కళ్లు మెరిశాయి. నాకు గుండె దడదడలాడింది. అప్పుడు, బొమ్మలో ఆమె ఊపిరి పీల్చుకున్న సందులో, నా పక్కనుంచి ఇంకో గొంతు వినిపించింది.

జోడు తీశాను.

నా పక్కన నా భార్య, నెరిసిన జుట్టుతో, ఎదురుగా ఉన్న చీకట్లోకి వేలు చూపిస్తూ గొడవ పడుతోంది. “కాదు, అసలు నీకు బొమ్మ చూడడం తెలుసా? నువ్వు ఎప్పుడూ ఇంతే. నువ్వు ముందు నే చెప్పేది విను.”

నువ్వు. ఎన్నాళ్లయిందో ఆ మాట విని.

“వింటున్నా వకుళా,” అన్నాను. “చెప్పు. నేనిక్కడున్నా.”

ఆమె ఆగింది. ఒక్క క్షణం నా మాట చేరిందనే అనుకున్నాను. మెడ కాస్త వంచి, చెవి పెట్టి వింది. తర్వాత నవ్వింది, పెళ్లికి ముందు నవ్విన నవ్వు. “అబ్బో, ఈ జవాబు మాత్రం బాగుంది,” అంది. ఆ జవాబు నాది కాదు. ఆమె బొమ్మలోని నూకరాజు ఆ జోడు లోపలున్నాడు, నాకన్నా బాగా మాట్లాడుతున్నాడు.

ఆమె చెయ్యి తట్టాలని నా చెయ్యి పట్టీ దాకా వెళ్లింది. తట్టి, జోడు తీయించి, ఇంటికి తీసుకెళ్లి ఏం మాట్లాడాలి? ఎండల గురించా?

నా ఒళ్లో జోడులోంచి సన్నగా ఆమె గొంతే పిలుస్తోంది. “ఏం, పారిపోయావా? జవాబు లేదా నీ దగ్గర?”

ఉంది అన్నాను. జోడు పెట్టుకున్నాను.